మునగని మల్‌సున్

సోమవారం పొద్దున్నే కొరియాలో జెజూ దీవిలోని ఆ రేవు ఊళ్ళో ఆడవాళ్ళంతా స్నానశాలకి వస్తారు. వేణ్ణీళ్ళ తొట్టిలో మెడదాకా నాని, ఒకరి తర్వాత ఒకరు, ఒళ్ళు రుద్దే ఇమ్‌సన్ బల్లమీద పడుకుంటారు. ఇమ్‌సన్ ఇటలీ తువాలనే ఆకుపచ్చ గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని గరగరా రుద్దుతుంది. మట్టి ఉండలుగా రాలిపోయి మనిషి జానెడెత్తు గాల్లోకి లేస్తుంది. బట్టల గదిదాకా కట్టిన తాడు పట్టుకుని వెళ్ళి, రెండు ఉడికిన గుడ్లు తింటే కాళ్ళు నేలకానుతాయి. నీళ్ళలో మాత్రం నెలరోజులు మునగలేరు, తేలిపోతారు. అందుకే సముద్రంలో మునిగి నత్తలు తెచ్చేవాళ్ళు వీపు దాటి రుద్దించుకోరు.

"ఈ గుడ్డకి ఇటలీ పేరేంటి అత్తా? ఎవరైనా చూశారా ఇటలీని?" అంది సొరిమ్, మునిగేవాళ్ళలో అందరికన్నా చిన్నది. "కొట్లో ఇప్పుడు పీలింగ్ జెల్ అంటున్నారు. మట్టి అనకూడదట, మృతకణాలట."

"చచ్చినవాటికీ మర్యాదే!" అని నవ్వింది డెబ్భై ఆరేళ్ళ మల్‌సున్.

ఎవరూ నవ్వలేదు. పోయిన వారమే ఆవిడ నీటి అడుగున స్పృహ తప్పితే జుట్టు పట్టి లాగారు. ఇంకోసారి మునిగితే బతకదన్నాడు డాక్టరు. రేపు మునుగుతానంటోంది ఆవిడ.

"వీపొక్కటే. చెయ్యి కిందికి జారిందో, విరిచేస్తా" అని ఇమ్‌సన్‌కి చెప్పి బోర్లా పడుకుంది. వెచ్చని నీళ్ళు పడగానే గురక.

వీపు అయ్యాక ఇమ్‌సన్ ఆగింది. సొరిమ్ వచ్చి ముసలామె పాదం ఒళ్ళో పెట్టుకుంది. ఇంకో ఇద్దరు చెరో చెయ్యి అందుకున్నారు. చెవుల వెనక నుంచి మడమల దాకా నాలుగు తువాళ్ళు తిరిగాయి.

మెలకువ వచ్చేసరికి మల్‌సున్ వీపు పైకప్పుకి ఆని ఉంది. "దొంగపీనుగల్లారా! దించండే!"

ఆరు గుడ్లు పట్టాయి.

మర్నాడు నడుముకి రెండింతల సీసపు బరువు కట్టుకుని దూకింది. బెండులా తేలింది. తిట్టీ తిట్టీ అలిసిపోయి, పనేం లేక నీళ్ళమీదే తేలుతూ, పైకొచ్చే తలలు చూస్తూ ఉండిపోయింది. మునిగే ముందు నీటిమీద వదిలే తేలుడు బంతుల్లో సొరిమ్‌ది ఒక్కటే ఊగుతోంది, పక్కన తల లేదు. ఆ పిల్ల ఊపిరి ఎంతసేపాగుతుందో ఆవిడకి తెలుసు.

"సొరిమ్ రాలేదు! అటు, నల్లరాయి దగ్గర!"

ముగ్గురు మునిగారు. రాతిసందులో చెయ్యి ఇరుక్కున్న పిల్లని విడిపించి తెచ్చారు. మల్‌సున్ వెల్లకిలా పడుకుని ఆమెని పొట్టమీద వేసుకుంది. మొహానికి చుక్క నీరు తగలనివ్వకుండా ఒడ్డువైపు తేలుతూ, దారిపొడుగునా వీపు చరుస్తూనే ఉంది.

"వేలెడు నత్తకోసం చస్తావుటే? దగ్గు. ఊఁ, ఇంకా దగ్గు."