దొరొగ్మా గెలవాల్సిన రోజు

ఎనిమిది సినిమాల్లో ప్రతిసారీ చచ్చినవాడికి ఆ రోజు గెలుపు రాసిపెట్టి ఉంది. ఉకాయ్ పొద్దున్నే స్టూడియో గేటు దాటుతూనే ఆ మాట కాపలావాడి చెవిన వేశాడు. క్యాంటీనులో సూపు పోసే ఆవిడకి చెప్పాడు. నోట్లో ముద్ద గొంతు దిగకముందే పక్క బల్ల దగ్గరున్న సమురాయ్ వేషగాళ్ళకీ చాటింపు వేశాడు.

"ఇవాళ దొరొగ్మా గెలుస్తోంది! హొనారాని ఎత్తి సముద్రంలో పారేస్తోంది. చూడ్డానికి రండి!"

"నువ్వు గెలవడమేంటి గురూ? స్టూడియో గానీ మూసేస్తున్నారా?" అన్నాడొక సమురాయ్, కర్రకత్తితో వీపు గోక్కుంటూ.

ఉకాయ్‌కి కోపం రాలేదు. ఆ రోజు ఎవరేమన్నా కోపం వచ్చేలా లేదు.

దొరొగ్మా అంటే సముద్రం అడుగు బురదలోంచి లేచి, ఓడల్ని నమిలి, ఊళ్ళని తొక్కేసే రాక్షసజంతువు. దానికి మూడు కొమ్ములు, పీత డిప్పలాంటి వీపు, బారెడు తోక. దేశంలో పిల్లాడన్నవాడెవడూ దాన్ని తిట్టకుండా నిద్రపోడు. ఆ రబ్బరు తొడుగులో దూరి, చెమటలో నాని, ఊళ్ళు తొక్కేది ఉకాయ్. చివర్లో వచ్చి దాన్ని మట్టికరిపించే మంచి జంతువు పేరు హొనారా. ఆ తొడుగులో ఉండేది కుగిమియ. తెర మీద బద్ధశత్రువులు, బయట ఒకే సీసాలోంచి సాకే సారా పంచుకునే దోస్తులు. కుగిమియ చేతిలో ఉకాయ్ అగ్నిపర్వతంలో పడ్డాడు, మంచుకింద కూరుకుపోయాడు, ఒకసారి రైలు పట్టాలతో కట్టేయించుకున్నాడు కూడా. ఎన్ని చావులు చచ్చినా అతని మనసులో ఒకే ఒక్క కోరిక. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మంటల ముందు నిలబడి గెలిచినవాడిలా గర్జించాలి. డైరెక్టరు అసాబా వెంట పడీ పడీ, ఆయన ఇంటి ముందు వానలో తడిసి, చివరికి ఒప్పించాడు. ఈ సినిమా దొరొగ్మా గెలుపుతోనే ముగుస్తుంది.

స్టూడియో వెనక కొలనే సముద్రం. దాని ఒడ్డున మోకాలెత్తు ఊరు. వడ్రంగులు వేసవంతా కూర్చుని చేసిన పెంకుటిళ్ళు, కరెంటు స్తంభాలు, మధ్యలో ఒక కోట. కోట నిండా పేలుడు మందు కూరారు. దొరొగ్మా హొనారాని నీళ్ళలోకి విసరాలి, వెనక్కి తిరిగి తోకతో కోటని కొట్టాలి, కోట పేలాలి, ఆ మంటల ముందు గర్జించాలి. రెండో టేకు లేదు. విరిగిన ఊరిని మళ్ళీ కట్టడానికి ఏ నిర్మాతా ఒప్పుకోడు.

తొడుగుల పని చూసే త్సుయు పిన్ని ఉకాయ్ నోట్లో ఉప్పు గడ్డ వేసి, చల్లని బార్లీ టీ తాగించి, వీపు మీద జిప్పు లాగింది. జిప్పు బయటివాళ్ళు లాగితేనే వస్తుంది. ఆ రబ్బరు గోళ్ళతో సొంత ముక్కు కూడా గోక్కోలేరు.

"ఏరా నాయనా, గెలిచాక నన్ను మర్చిపోకేం!"

"నిన్నెలా మర్చిపోతాను పిన్నీ? నా చెమటంతా పిండింది నువ్వే కదా!"

ఇంతలో మబ్బు పట్టింది. ఎండ కోసం ఎదురు చూడాల్సి వచ్చింది. ఆ ఎదురుచూపుల్లో త్సుయు ఉకాయ్ జిప్పు తీసి గాలి తగలనిచ్చింది, బూట్లలో చెమట ఒంపింది. హొనారా మాత్రం కొలను గట్టున కదలకుండా నిలబడి ఉంది. లోపల కుగిమియ ధ్యానం చేస్తున్నాడు కాబోలు అనుకున్నాడు ఉకాయ్. సాయంత్రం అవుతుండగా మబ్బు చీలి, పెంకుల మీద ఎండ పడింది.

"ఇదే ఎండ! ఇదే!" అసాబా కేక పెట్టాడు. "స్టార్ట్!"

కెమెరాలు మామూలు కంటే వేగంగా తిరిగాయి. అలా తీస్తేనే తెర మీద జంతువులు కొండల్లా బరువుగా కదులుతాయి. అందుకని లోపలివాడు మాత్రం పిచ్చెక్కినట్టు ఉరకాలి. ఉకాయ్ ఉరికాడు! ఇళ్ళు కాళ్ళకింద పటపట విరిగాయి. కరెంటు తీగలు నిప్పులు కక్కాయి. పైన మంచెల మీద తోకని ఆడించే తీగలు పట్టుకున్న కుర్రాళ్ళు "హొయ్! హొయ్!" అంటూ పరిగెత్తారు. ఒళ్ళంతా మండిపోతున్నా ఉకాయ్‌కి పట్టలేనంత ఆనందం. కళ్ళ దగ్గరి చిన్న చిల్లులోంచి హొనారా ఎర్ర జూలు కనిపించింది. వెళ్ళి గట్టిగా పట్టేసుకున్నాడు. రెండు జంతువులూ కొలను అంచున పెనుగులాడాయి.

విసిరే ముందు వాళ్ళిద్దరికీ ఒక ఆనవాయితీ ఉంది. తొడుగులో మాట వినపడదు. అందుకని పడేసేవాడు తలతో రెండుసార్లు ఢీకొడతాడు. పడేవాడు ఊపిరి బిగబట్టుకుని, తిరిగి రెండుసార్లు కొడతాడు. ఎనిమిది సినిమాల్లో ఒక్కసారి కూడా ఇది తప్పలేదు.

ఉకాయ్ ఢీకొట్టాడు. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. హొనారా తల అతని భుజం మీదికి వాలిపోయింది. ఒంటి బరువంతా వచ్చి మీద పడింది.

"కుగిమియా! ఒరేయ్ కుగిమియా!"

ఆ అరుపు అతని చెవులకే మోగింది. ఒక చెయ్యి పైకెత్తి ఊపాడు.

"అద్భుతం!" అసాబా ఎగిరి గంతేశాడు. "ఆ వాలడం చూశారా? ప్రాణం పోతున్నట్టే ఉంది! దొరొగ్మా, విసురు! విసిరెయ్!"

రాక్షసజంతువు చెయ్యి ఊపితే ఎవడు సాయానికి వస్తాడు? డైరెక్టరు "కట్" అనేదాకా ఊరి చుట్టూ గీసిన గీత దాటకూడదన్నది అక్కడ అందరూ ప్రాణం పెట్టి పాటించే నియమం. విసిరితే గెలుపు. స్పృహ లేని మనిషి ఆ రబ్బరు బరువుతో నీళ్ళలో పడితే మాత్రం తేలడు. ఉకాయ్‌కి ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే తన గెలుపు కోసమే వచ్చిందా ఏడుపు. అంతలోనే తనమీద తనకే అసహ్యం వేసింది.

కోట వెనకే త్సుయు వాళ్ళు నిలబడి ఉంటారు. ఇంత బరువుతో చుట్టూ తిరిగి వెళ్ళలేడు, అక్కడికి చేరాలంటే కోటలోంచే దారి. కోట విరిగితే మందు పేలుతుంది. ముందు ఎవరి ఒళ్ళు పడితే వాళ్ళకే సెగ. హొనారా వీపు పైకి ఉంటేనే జిప్పు అందుతుంది. ఎటు చూసినా తను కిందపడక తప్పదు.

హొనారా చేతులు రెండూ లాగి తన మెడచుట్టూ వేసుకున్నాడు. గోళ్ళతో వాటిని బిగించాడు. చూసేవాళ్ళకి హొనారాయే కసిగా మెడ పట్టుకున్నట్టుంది. కొలనుకి వీపు తిప్పి ఉన్న మిత్రుణ్ణి అలాగే పట్టుకుని, తను వెనక్కి వెనక్కి ఉరికి, శక్తంతా కూడదీసుకుని కోట మీదికి వెల్లకిలా ఎగిరాడు.

కోట పేలింది! పెంకులు ఆకాశానికి లేచాయి. వీపు డిప్ప చురచుర కాలింది. శత్రువుని గుండెకి అదుముకుని కోట అవతల గడ్డి చాపల మీద దబ్బున పడ్డాడు. పడీపడగానే హొనారా జిప్పు మీద గోళ్ళతో దబదబా బాదాడు. మళ్ళీ మళ్ళీ బాదాడు.

"ఏమిటది? ఎందుకలా కొడుతోంది?" ఎవరో అన్నారు.

త్సుయుకి అర్థమైంది. గీతా లేదు, నియమమూ లేదు. పొగలోకి దూకి జిప్పు లాగింది.

"చచ్చినోడా, వద్దంటే విన్నావా!" అని ఏడుస్తూ బక్కెట్టు నీళ్ళు కుమ్మరించింది. "ఎండ పోతుంది, ఇవాళ ఉకాయ్ రోజు, నా వల్ల ఆలస్యం కాకూడదు పిన్నీ, జిప్పు తియ్యకు అన్నాడు! నేనూ బుద్ధి లేక ఊరుకున్నాను!"

కుగిమియ దగ్గాడు. కళ్ళు తెరిచాడు. తొడుగులోంచి సగం బయటికొచ్చిన ఉకాయ్‌ని చూసి నవ్వబోయాడు.

"బాగా విసిరావా నన్ను?"

"నోర్ముయ్. ముందు టీ తాగు," అన్నాడు ఉకాయ్. కప్పు అతని నోటికి పెట్టాడు. సగం గడ్డం మీదే ఒలికింది.

ఊరు బూడిదైంది, ఎండ పోయింది. అసాబా లేచి వచ్చి ఉకాయ్ ముందు గౌరవంగా నడుం వంచాడు. సినిమా ఎప్పటిలాగే హొనారా గెలుపుతో ముగిసింది.

కొత్త సంవత్సరం సెలవుల్లో విడుదలైన రోజే ఇద్దరూ టికెట్లు కొనుక్కుని హాల్లో కూర్చున్నారు. తెర మీద హొనారా దొరొగ్మా మెడ పట్టుకుని కోట మీద విరుచుకుపడింది. హాలు దద్దరిల్లింది. "చావు దొరొగ్మా! చావు!" అని పిల్లలు కుర్చీలెక్కి గంతులేశారు. ఇంత గొప్ప దెబ్బ హొనారా ఎన్నడూ కొట్టలేదు.

అంత గోలలోనూ కుగిమియ లేచి నిలబడ్డాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"దొరొగ్మా!" గొంతు చించుకుని అరిచాడు. "దొరొగ్మా! భళా!"

ముందు వరసలోంచి ఒక పిల్ల వెనక్కి తిరిగి, "ఒరేయ్, ఈ మావయ్య చెడ్డదాని పార్టీరా!" అంది. కారమెల్ మిఠాయి డబ్బా ఒకటి వచ్చి కుగిమియ నుదుటికి తగిలింది. ఇంకోటీ వచ్చింది.

"కూర్చోరా బాబూ, పరువు తీస్తున్నావు," ఉకాయ్ అతని చొక్కా పట్టుకుని లాగాడు.

కుగిమియ కూర్చోలేదు.