పచ్చ పడుగు

సారీ చెప్పమని కోమలకు సలహా ఇవ్వని మనిషి ఆ ఊళ్లో మిగల్లేదు. పాలు పోసేవాడు చెప్పాడు. కిరాణం కొట్టాయన చెప్పాడు. ఆ వీడియో ఏమిటో కూడా తెలియని పక్కింటి నర్సింగమ్మ అవ్వ గోడ మీది నుంచి తొంగి చూసి, "ఒక్క మాట అనేస్తే అయిపాయె గదనే, నోట్లకెళ్లి ముత్యాలు రాల్తయా?" అంది.

"దేనికి చెప్పాలవ్వా?" కోమల కస్సుమంది.

"నాకేం ఎర్క? అందరు చెప్పుమంటున్నరు గద!"

చిన్న వీడియో అది. మగ్గం పక్కన ఒక గుంజ. ఆ గుంజకు పాత చీర పేలికతో నడుముకు కట్టేసి ఉన్న కోమల కొడుకు, బుడ్డోడు. ముఖం కనిపించకుండా మసక చేశారు, ఏడుపు మాత్రం దాచలేదు. కాస్త దూరంలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అటు తిరిగి పాట పాడుకుంటున్న కోమల. పైన ఎర్ర అక్షరాలు: 'పాట ముద్దు, పేగు వద్దు!'

భువనగిరి దగ్గరి ఆ చేనేత ఊళ్లో నిన్నమొన్నటి దాకా కోమల పేరు చెబితే కాలరెగరేసేవాళ్లు. ఆమె పాడిన బోనాల పాట ఈ ఏడు మోగని డీజే బండి లేదు. ఆ పాట తీసిన యూట్యూబ్ చానల్ ఓనర్ విజేందర్, పాట హిట్టయిన వారంలోనే ఇంటికొచ్చి మగ్గాన్నీ, వంటింటినీ, అందరినీ షూట్ చేసుకుపోయాడు. ఇప్పుడు బతుకమ్మ పండుగ వస్తోంది. కొత్త పాట ఈ సాయంత్రమే రిలీజ్. సరిగ్గా దానికి రెండు రోజుల ముందు ఈ వీడియో బయటికొచ్చింది.

కామెంట్లు చదువుతుంటే కోమలకు ఒళ్లంతా కారం రాసినట్టుంది. 'కుక్కను కూడా గిట్ల కట్టెయ్యరు.' 'పాడింది చాలు, పిల్లగాన్ని పెంచు.' ఒకడైతే పిల్లాణ్ణి లాక్కెళ్లి అనాథాశ్రమంలో వెయ్యాలని రాశాడు. దానికి గుండె గుర్తులు పెట్టిన వాళ్లలో, మొన్న సెల్ఫీ కోసం ఆమె భుజం మీద చెయ్యి వేసిన ఆడపిల్ల ఉంది.

తొమ్మిదింటికి జీపు వచ్చి ఆగింది. పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి కరుణ అనే అధికారి దిగింది. ఎవరో ఫిర్యాదు పెట్టారట.

కోమల బుడ్డోణ్ణి ఎత్తుకొచ్చింది. కరుణ వాడి నడుము చూసింది, వీపు చూసింది, వాడు ఆమె కళ్లజోడు లాగితే లాగనిచ్చింది. తర్వాత మగ్గం దగ్గరికెళ్లి కిందికి వంగింది. నేసే మనిషి కాళ్లు పెట్టుకునే గుంట నడుములోతు ఉంది. అడుగున తొక్కుడు కర్రలు.

"ఇందులో పడకుండా కడతారా?"

"మా అత్తమ్మ కట్టింది, నేను కట్టిన, మా ఊర్ల ప్రతి తల్లి కట్టింది మేడం. కట్టకపోతే ఏమైతదో చూడాల్నంటే మా ఇంటాయన నొసలు చూడుండ్రి. ఒక్కనాడు కట్టుడు మర్సిపోతే పడ్డడు, ఇంత మచ్చ ఉంటది."

కరుణ తలాడించింది. "నేను చూసింది నేను రాస్తా. పిల్లాడు బాగున్నాడనే రాస్తా. కానీ ఒక మాట విను కోమలా. సాయంత్రం లైవ్‌లో క్షమాపణ చెప్తున్నావని మీ చానల్ వాళ్లు పోస్టర్ వేశారు. కెమెరా ముందు నువ్వే తప్పు ఒప్పుకుంటే ఇక నా రాతకు విలువుండదు. పైవాళ్లు పిల్లాణ్ణి తీసుకెళ్లి హోమ్‌లో ఉంచమంటే నేను ఆపలేను."

కోమల బుడ్డోణ్ణి ఎంత గట్టిగా పట్టుకుందంటే వాడు కెవ్వుమన్నాడు.

జీపు ఎక్కబోతూ కరుణ ఆగింది. "ఇంకోటి. ఆ వీడియో తీసింది బయటివాళ్లు కాదు. ఇంటి లోపలి నుంచి తీసిందది."

ఆ మాట కోమల చెవిలో సీసం పోసినట్టు దిగింది. ఇంటి లోపలా? ఇంట్లో ఉండేది ఎవరు? భర్త దినేశ్ జడ్చర్లలో మందుల కంపెనీలో పని, వారానికోసారి వస్తాడు. మరిది సతీశ్‌కు ఫోన్ ఎత్తడమే బద్ధకం. అత్త శారదమ్మకు ఫోన్ పట్టుకోవడమే రాదు. మిగిలింది మనీష. ఈ వైశాఖంలో సతీశ్‌ను చేసుకుని కోస్గి నుంచి వచ్చిన తోడికోడలు. పొద్దస్తమానం చేతిలో ఫోన్.

కోమల నేరుగా వంటింట్లోకి వెళ్లింది. మనీష జొన్నరొట్టెలు కొడుతోంది.

"ఎంతకమ్మినవ్?"

"ఏందక్కా?"

"నా కొడుకు ఏడుపు. ఎంతకమ్ముకున్నవని అడుగుతున్న! నా పేరు చూసి కండ్లు మండినయా? పిల్లలు పుడితే తెలుస్తదే నీకు, తల్లి కడుపుల మంట!"

మనీష చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. "నేను తియ్యలే."

"నువ్వు గాకపోతే అత్తమ్మ తీసిందా? నా ఇంట్ల తిని నాకే గోతి తవ్వుతవా?"

మనీష చేతులు కడుక్కుంది. లోపలికెళ్లి బ్యాగు సర్దుకుని బయటికొచ్చింది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "అక్కా, నువ్వా వీడియో చూసినవా?"

"కామెంట్లు చదివిన. సాలదా?"

"సాలదు." అనేసి, ఆటో కోసం గేటు దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పుడే దినేశ్ ఫోన్. "కంపెనీల అందరు అడుగుతున్నరే. తలెత్తుకోలేకపోతున్న. జర సారీ చెప్పేయరాదు?"

"ముందు అద్దంల నీ నొసలు చూస్కో. చూసినంక మాట్లాడు," అని కోమల ఫోన్ కోసేసింది.

తర్వాత ఆ వీడియో తెరిచింది. నిజమే, రెండు రోజులుగా ఆమె కింద కామెంట్ల ఊబిలోనే కొట్టుకుంది, పైనున్న బొమ్మను మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారీ చూడలేదు. కొడుకు ఏడుపు మొదలవగానే ఆపేసేది.

ఈసారి ఆపలేదు. బుడ్డోడు ఏడ్చాడు. పాకుతూ ఏడ్చాడు. వాడు నడక నేర్చి నెల దాటిందే! కోమల కళ్లు చిట్లించి వాడి వెనక మగ్గాన్ని చూసింది. దాని మీద నిలువునా పరిచిన పడుగు దారం చిలకపచ్చ రంగులో మెరుస్తోంది.

తల తిప్పి నిజం మగ్గం వైపు చూసింది. దాని మీద ఉన్నది నీలం.

మగ్గం మీద ఒకసారి పడుగు ఎక్కిందంటే అన్ని చీరలూ దిగేదాకా రంగు మారదు. పచ్చ పడుగు ఎప్పుడెక్కిందో కోమలకు బాగా తెలుసు, ఎక్కించిన చేతుల్లో ఆమె చేతులూ ఉన్నాయి. ఆషాఢం మొదట్లో ఎక్కింది, శ్రావణం రాకముందే దిగింది. కొత్త కోడలు తొలి ఆషాఢం అత్తగారింట్లో ఉండకూడదు. ఆ నెలంతా మనీష కోస్గిలో తల్లిగారింట్లో ఉంది. ఈ గడప తొక్కలేదు.

మరి ఆషాఢంలో ఈ ఇంట్లో కెమెరా పట్టుకుని తిరిగిందెవరు?

'ఇంటి వీడియో సౌండ్ పాడైపోయింది కోమలా, అందుకే వెయ్యలే' అని విజేందర్ చెప్పిన మాట గుర్తొచ్చింది. 'ఇయర్‌ఫోన్లు పెట్టుకొని అటు తిరిగి ఒక్కసారి పాడు, సౌండ్ చెక్ చేస్కుంట' అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆ రోజు గుంటలో కూర్చుని నేస్తున్నది శారదమ్మ. బుడ్డోడు నాయనమ్మ మోచేతికి అందేంత దూరంలోనే ఉన్నాడు. వీడియోలో నాయనమ్మ లేదు. ఆమెను అంచు దగ్గర కత్తిరించి పారేశారు.

కోమల గేటు దగ్గరికి పరుగెత్తింది. మనీష ఇంకా అక్కడే ఉంది.

"పచ్చ పడుగు," అంది కోమల రొప్పుతూ.

"కనబడ్డదా గిప్పుడు?"

ఆ తర్వాత అనాల్సిన మాట కోమల అనలేదు. ఆ జాగాలో కోపం నిండుగా కూర్చుని ఉంది. "నీ ఫోన్ల చార్జింగ్ ఉందా?" అని అడిగింది.

"ఉంది. సాయంత్రం దాక ఉంట. నీకోసం గాదు, బుడ్డోని కోసం."

విజేందర్ సాయంత్రం లైట్లతో, స్టాండుతో దిగాడు. ముఖం నిండా సానుభూతి. "ధైర్యంగుండు చెల్లే. జనం కోపం పాలపొంగు. నీళ్లు చిలకరిస్తే సల్లారుతది." ఒక కాగితం చేతిలో పెట్టాడు. 'ఒక తల్లిగా నేను ఓడిపోయాను' అని మొదలైంది అందులో. దాంతోపాటు ఒక చిన్న సీసా.

"ఇదేందన్నా?"

"గ్లిజరిన్. కండ్లల్ల నీళ్లు రాకపోతే జర రాస్కో. ఏడ్చి సారీ చెప్పు, ఆ వెంటనే పాట రిలీజ్ కొడత. చూడు, పాట ఎట్ల లేస్తదో!"

కోమల ఆ సీసాను చూసింది. మూత తియ్యకుండానే పక్కన పెట్టింది. "పెట్టన్నా లైవ్," అంది చల్లగా.

లైవ్ మొదలైంది. చూసేవాళ్లు వేలల్లో చేరారు. కోమల కాగితాన్ని మడిచి కింద పెట్టింది.

"అందరికి దండాలు. నా ఏడుపు చూద్దామని వచ్చిన్రు గద, కూసోండ్రి." లేచి, బుడ్డోణ్ణి ఎత్తుకొచ్చి, పాత చీర పేలికతో వాడి నడుముకు ముడేసి గుంజకు కట్టింది. "గిదేనా మీరు చూసింది? గిప్పుడు మీరు చూడంది చూపిస్త. ఇటు జరగన్నా, కెమెరా తిప్పు. తిప్పుమంటున్న గద!"

గుంట కనిపించింది. గుంటలో శారదమ్మ.

"గీమె మా అత్తమ్మ. ఆనాడు గూడ గిక్కడ్నే ఉంది. ఈమెను కోసేసి నా కొడుకును మీకు అమ్మిన్రు. నేను సారీ చెప్ప. పిల్లగాన్ని గుంటల పడెయ్యనందుకు సారీ చెప్పాల్నా? పాట పాడినందుకు చెప్పాల్నా? మగ్గం మీద రంగు చూడుండ్రి, నీలం. మీ వీడియోల పచ్చ. ఆ పచ్చ పడుగు ఆషాఢంల ఎక్కింది, ఆషాఢంలనే దిగింది. ఆ నెలల మా ఇంట్ల కెమెరా పట్కొని తిరిగింది ఒక్కడే..."

విజేందర్ చటుక్కున లైవ్ ఆపేశాడు. లైట్లు ఆర్పేశాడు. సానుభూతి ఎటు పోయిందో.

"మతి పోయిందానే నీకు? నేను ఎయ్యకపోతే నిన్నెవడు పట్టించుకుంటుండె? లొల్లి ఉంటెనే పాట లేస్తది! రెండ్రోజులు తిడ్తరు, ఓ సారీ చెప్తే మూడోనాడు దేవతంటరు. నీకోసమే గద వీడియో వదిలిన!"

"నా కోసమా? నా కొడుకును తీస్కపోతరని ఎర్కేనా నీకు?"

"అరే, తీస్కపోతే నాల్గు రోజులకు మళ్ల ఇస్తరు! అది గూడ మనకు వీడియోనే గద!"

కోమల చెయ్యి లేచింది. విజేందర్ వెనక్కి జరిగాడు. దెబ్బ పడలేదు. ఎందుకంటే తలుపు పక్క నుంచి మనీష గొంతు వినిపించింది.

"కొట్టకక్కా. జనం చూస్తున్నరు."

విజేందర్ తల తిప్పాడు. మనీష చేతిలో ఫోన్ అతని ముఖానికి గురిపెట్టి ఉంది. కోమల సొంత పేజీలో ఇంకో లైవ్ మొదటి నుంచి నడుస్తూనే ఉంది.

"వీడియోలు తీస్తనని అన్నవు గదక్కా," అంది మనీష కళ్లు స్క్రీన్ మీది నుంచి తియ్యకుండా. "గిప్పుడు తీస్తున్న. విజేందరన్నా, జర ఇటు చూడు. మంచిగ పడుతున్నవు."

గుంటలోంచి శారదమ్మ అందుకుంది. "ఇంకా నిలబడ్డవేందిరా? నీ లైట్లు తీస్కొని పో. నీ మందు సీస గూడ తీస్కపో, నీకే పనికొస్తది ఇగ!"

అతను స్టాండు కాలికి తగిలి తూలుతూ వెళ్లిపోయాడు.

కాసేపటికి కరుణ నుంచి మెసేజ్ వచ్చింది. 'తల్లి దగ్గర క్షేమం అని రిపోర్ట్ పంపేశాను. మీ లైవ్ కూడా జత చేశాను.' కోమల దాన్ని రెండుసార్లు చదివి గోడకు చేరగిలబడింది.

కొత్త పాట రిలీజ్ కాలేదు. వేరే పిల్లతో మళ్లీ పాడిస్తున్నారని కబురు. కామెంట్లు తిరగబడ్డాయి. 'నువ్వు శివంగివి అక్కా' అని రాసిన వాళ్లలో పొద్దున అనాథాశ్రమం గురించి రాసినవాడున్నాడు. ఇంకొందరు ఇదంతా కలిసి ఆడిన నాటకమని తేల్చేశారు. కోమలకు ఆ పొగడ్త చూస్తే తిట్టు కంటే ఎక్కువ అసహ్యం వేసింది. ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

గుమ్మం దగ్గర మనీష బ్యాగు అలాగే ఉంది. మనీష దాని పక్కనే కూర్చుంది. ఇప్పుడు కెమెరా లేదు, చూసేవాళ్లు లేరు.

"తప్పయింది మనీషా."

"ఏం తప్పు?"

అంత తేలిగ్గా వదలదని కోమలకు అర్థమైంది. "చూడకుంట అన్న. వాళ్లు నన్నన్నట్టే నేను నిన్నన్న. పిల్లల ముచ్చట ఎత్తి అన్న. అది ఇంకా పెద్ద తప్పు."

"మంచిగ తగిలిందక్కా అది," అంది మనీష. "రేపు పొద్దుగాల కోస్గికి పోత. కోపం పోతే వస్త. పోకపోతే నువ్వే రావాలె."

"వస్త."

అప్పుడు గుంటలోంచి శారదమ్మ కేక పెట్టింది. "మీ ముచ్చట్లు పాడుగాను! ముడి ఊడింది, పిల్లగాడు నా మీదికే వస్తున్నడు. ముందుగాల వాన్ని కట్టేయుండ్రే!"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. ముందు అందుకున్నది మనీష. బుడ్డోణ్ణి చంకనేసుకుని, పాత చీర పేలికను గుంజ చుట్టూ తిప్పింది.

"జర గట్టిగ కట్టు," అంది కోమల.

"నాకు తెల్వదా?" అంది మనీష, ముడి బిగిస్తూ.