తొమ్మిదో ముక్క

అత్తగారి జాకెట్టు గుండీలు పెట్టి, కాఫీ కప్పు సగమే నింపి ఆవిడ రెండు చేతుల మధ్యా ఉంచింది. నిండా పోస్తే ఒళ్ళో ఒలుకుతుంది. ఎనిమిదేళ్ళుగా వణుకుతున్న చేతులవి, పొద్దుటి మాత్ర పనిచేసేదాకా చెంచా కూడా నిలవదు. "నా సాక్సు ఎక్కడ చచ్చాయి?" లోపల్నించి భర్త అరిచాడు. "ఎలుకల ముక్కుల్లో చుక్కలేసే ఉద్యోగానికి అంత హడావిడి దేనికి?"

ఈ జోకు వయసు పదకొండేళ్ళు. చుట్టాలొస్తే చాలు, కాఫీతోపాటు ఇదీ అందించేవాడు. మొదట్లో ఆమె కూడా నవ్వేది. తర్వాత నవ్వినట్టు ముఖం పెట్టడం నేర్చుకుంది. గిన్నెలు కడగడంలాగే అదీ ఒక పనే మరి!

చుక్కలు వేయడమే ఆమె పని, కాదనేదేం లేదు. ముక్కులో వేసిన మందు మెదడుకు చేరుతుందా అని చూడాలి. ముక్కు లోపలి పొరలో కాపలా ప్రోటీన్లుంటాయి. కొన్ని మందును చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్తాయి, కొన్ని మెడపట్టి బయటికి గెంటేస్తాయి. అత్తగారిలాంటి వాళ్ళ వణుకు కోసం చేసిన కొత్త మందు ఎలుకల్లో దర్జాగా మెదడుకు చేరింది. అందరూ ఎగిరి గంతేశారు. మనిషి ముక్కు సంగతేమిటని అడిగింది ఆమె ఒక్కతే. ఆపరేషన్లలో తీసేసిన పొర ముక్కల్ని రోగుల అనుమతితో ఆసుపత్రి నుంచి తెప్పించి, రెండు గంటల్లోపే పరికరంలో బిగించి పరీక్షించింది. ఎనిమిది ముక్కలు మందును గెంటేశాయి. ఆ గెంటే ప్రోటీన్లకు అడ్డం పడే రసాయనం కలిపితే మాత్రం లోపలికి రానిచ్చాయి. ఎలుక గుమ్మం వేరు, మనిషి గుమ్మం వేరు.

తొమ్మిదో ముక్క వచ్చిన రోజున భర్త ఫోన్ చేశాడు. "అమ్మ పడిపోయిందట. నాకు మీటింగుంది, నువ్వెళ్ళు." వెళ్ళి, కట్టు కట్టించి వచ్చేసరికి ఐదు గంటలు గడిచాయి. గెంటాలంటే ప్రాణం ఉండాలి. చచ్చిన పొర దేనికీ అడ్డు చెప్పదు, మందంతా దాని గుండా పోయింది. 'చచ్చిన ముక్క, లెక్కలోకి రాదు' అని పక్కన రాసుకుంది.

ప్రయోగశాల పెద్దసారుకు నచ్చింది అదొక్కటే.

"రేపే కమిటీ. మనుషుల మీద ప్రయోగానికి ఒప్పుకోవాలంటే ఎలుకల ఫలితం, ఆ తొమ్మిదోదీ చాలు. పక్కన రాసిన మాట కొట్టేసి నివేదిక మీద సంతకం పెట్టమ్మా."

"మిగతా ఎనిమిదీ ఏం చేద్దాం సార్?"

"నీకు ఇంట్లో వెయ్యి తలనొప్పులు. ఆ ఎనిమిదింటికీ చెయ్యి కుదిరి ఉండదు. ఎవరూ తప్పుపట్టరులే." జాలిగా అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇంట్లో ఉద్యోగం పేరు చెప్పి దెప్పుతారు, ఉద్యోగంలో ఇంటి పేరు చెప్పి దెప్పుతారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టకుండానే నివేదిక సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త హుషారుగా ఉన్నాడు. "మీ సారు ఫోన్ చేశాడు. ప్రయోగానికి అమ్మ పేరు మొదటి జాబితాలో రాయించా. పాత మాత్రలు మూడు నెలలు ఆపాలట, అంతే."

"నన్నో మాట అడగలేదే?"

"అడిగేదేముంది? నీ మందేగా!"

పదకొండేళ్ళలో మొదటిసారి అది ఆమె మందయింది.

కోడలికి ఇల్లు పట్టదని ఊరంతా చెప్పే అత్తగారు తలెత్తి చూసింది. "అది పనిచేస్తుందా? వాణ్ణి కాదు, నిన్ను అడుగుతున్నా."

చెబితే ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే మూడు నెలలు ఈ చేతులు సగం కప్పు కూడా పట్టలేవు.

"మెదడుదాకా పోదత్తయ్యా. నా కళ్ళతో చూశాను."

"నా పేరు తీసెయ్యరా," అంది అత్తగారు కొడుకుతో.

అతను ఆమె మీదికి తిరిగాడు. "పెద్దాయన కంటే నీకెక్కువ తెలుసా? సంతకమేగా, పెట్టెయ్! ఇన్నాళ్ళూ అన్నిటికీ సరేనన్నావు, ఇప్పుడేమొచ్చింది?"

నిజమే. ఎవరేమన్నా లోపల వేసుకుంది, ఒక్కటీ తిప్పికొట్టలేదు. సిగ్గేసింది ఆమెకు, అతని ముందు కాదు, తన ముందు తనకే. అత్తగారు బయటపడింది, సరే. జాబితాలో మిగతావాళ్ళకు ఆ ప్రయోగశాలలో కోడళ్ళు లేరే!

మర్నాడు పొద్దున సాక్సు కోసం కేక వినిపించినా ఆగకుండా చెప్పులేసుకుంది. నివేదికలో ఎనిమిది ముక్కల ఫలితాలూ చేర్చింది. పెద్దసారు చేతికివ్వకుండా తనే కమిటీ గదికి తీసుకెళ్ళింది. తొమ్మిదో ముక్క పక్కనున్న మాట కొట్టేయలేదు. దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాసి, తన పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

'ఇది చచ్చిపోయింది కాబట్టే దేనికీ అడ్డు చెప్పలేదు. బతికున్నవన్నీ వద్దన్నాయి.'