చెల్లి మైకు

పొద్దున ఐదు గంటల బస్సు చివరి స్టాపుకి చేరేసరికి అందులో మిగిలేది ఒకే ఒక్క మనిషి. ఆమె దిగగానే డ్రైవరు ఇంజను ఆపి ఒళ్ళు విరుచుకుంటాడు. ఆమె రోడ్డు దాటి, మీటింగు హాలు తాళం తీసి, కిటికీలన్నీ తెరిచి, చీపురు అందుకుంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. బస్సులో ఆడవాళ్ళంతా ఆమెని హాలక్క అంటారు.

నేల ఊడ్చి, కుర్చీలు తుడిచి, ఆఖర్న పోడియం దగ్గరికొస్తుంది. దాని మీద రెండు మైకులు, కొంగమెడల్లాంటి వంపు గొట్టాల చివర, జానెడు ఎడంతో ఉంటాయి. కొత్తవాళ్ళు చూసి ఒకటి చాలదా అనుకుంటారు. చాలదు. పెద్ద మాటలు మాట్లాడే రోజున ఒక్క మైకుని నమ్ముకోకూడదు. ఒకటి పనిచేస్తుంటే రెండోది మూసి ఉంచుతారు. మొదటిదాని గొంతు పోతే రెండోది తెరుస్తారు. రెండూ ఒకేసారి తెరిస్తే మాత్రం మనిషి గొంతు నూతిలోంచి వచ్చినట్టు బోలుగా వినపడుతుంది. ఇవన్నీ ఆమెకి మైకాయన చెప్పాడు. హాలు వెనక అద్దాల గదిలో మీటల ముందు కూచునే మనిషి. ఆమెకంటే రెండేళ్ళు చిన్న, అందుకని అక్కా అంటాడు.

కుడివైపుది అక్క మైకు. ఎడమవైపుది చెల్లి. చెల్లికి తొందరెక్కువ. మనిషి నోరు తెరవకముందే మాట చెప్పేస్తుంది. మరీ ముందేం కాదు, ఓ గుక్క నీళ్ళు తాగేంత ముందు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. హెడ్మాస్టరుగారు రిటైరైన రోజున అక్క గొంతు పోయి చెల్లిని తెరిచారు. ఆయనింకా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. "మా ఆవిడ లేకపోతే నేనెందుకూ పనికిరాను" అని ఆయన గొంతు హాలంతా వినపడింది.

"ముప్పై ఏళ్ళకి ఇప్పటికైనా అన్నారు" అంది ముందు వరసలోంచి ఆవిడ.

"ఇంకా అన్లేదే" అని, కళ్ళజోడు పెట్టుకుని, అప్పుడు అన్నాడాయన.

ఇంకోసారి మున్సిపల్ ఛైర్మన్‌గారు దగ్గుతుండగానే మార్కెట్ వీధికి నెలలో దీపాలు పెట్టిస్తానన్న మాట బయటికొచ్చేసింది. జనం చప్పట్లు కొట్టేశాక ఇంకేం మింగుతాడు, అన్నాడు. దీపాలు వచ్చాయి. అక్క గొంతు పోతే తప్ప చెల్లిని తెరవొద్దని ఆర్డరు కూడా వచ్చింది. అలాగని దాన్ని తీసి పారేద్దామని ఎవరూ అనలేదు. ఒకింట్లో పుట్టినవాళ్ళని ఎవరు విడదీస్తారు?

హాలక్క రెండింటినీ పొడిగుడ్డతో తుడిచేసరికి మైకాయన వస్తాడు. "అక్కా, కాస్త టెస్ట్ చెప్పు. ఒకటి, రెండు, మూడు, అంతే" అని అద్దాల వెనకనుంచి కేకేస్తాడు. ఆమె తల అడ్డంగా ఊపి, మైకు మీద గోటితో రెండుసార్లు కొట్టి, చీపురు పట్టుకుని తప్పుకుంటుంది.

"నీ గోరు గొంతు నాకు బాగా తెలుసక్కా. నీ గొంతే తెలీదు" అని నవ్వుతాడతను.

ఆమె చదివింది ఐదో తరగతి. ఆ ఏడాది ఒకరోజు పాఠం అప్పజెప్పమని టీచరు లేపి నిలబెట్టింది. పాఠమంతా వచ్చు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళతోనూ, బస్సులో పక్క సీటుతోనూ తప్ప నలుగురి ముందు ఆమె నోరు విప్పలేదు.

ఒకరోజు డ్రైవరు సీటు వెనక ఒక కాయితం అంటించి ఉంది. ప్రయాణికులు లేనందువల్ల వచ్చే నెల నుంచి ఐదు గంటల బస్సు రద్దు. అభ్యంతరాలున్నవాళ్ళు బుధవారం మధ్యాహ్నం మీటింగు హాల్లో చెప్పుకోవచ్చు. ఆ కాయితం చదవడానికి ఒకళ్ళ భుజం మీదనుంచి ఒకళ్ళు మెడలు చాపాల్సొచ్చింది. అంత రద్దీగా ఉంది బస్సు.

"ప్రయాణికులు లేరా!" అంది కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేసే ఆమె. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు. "మరి నా కాలు తొక్కుతున్నదెవరు, దయ్యమా?"

"బస్సుల ఆఫీసునుంచి లెక్కలాయన వచ్చి చివరి స్టాపులో నిలబడ్డాడమ్మా" అన్నాడు డ్రైవరు. "హాస్పిటల్ దగ్గర సగానికి పైగా దిగిపోతారు. మిగతావాళ్ళు మీ షెడ్డు దగ్గర. చివరిదాకా వచ్చేది హాలక్క ఒక్కతే. అందుకని రోజుకి ఒక్క మనిషి అని రాసుకుపోయాడు."

బస్సంతా ఘొల్లుమంది.

"అయితే ఈ బస్సంతా నీదేనన్నమాట! రాణీగారూ, కాస్త జరిగి కూచోండి!" అన్నారెవరో హాలక్కతో.

నవ్వులు ఆగాక అందరూ మళ్ళీ ఆ కాయితం కేసి చూశారు. తర్వాతి బస్సు ఏడింటికి. హాస్పిటల్లో ఆరింటికల్లా డ్యూటీ ఎక్కాలి. హాలు తలుపులూ ఆరింటికే తెరవాలి. ఈ బస్సు లేకపోతే పని లేనట్టే, ఆమెకైనా, ఎవరికైనా.

"నువ్వే మాట్లాడాలే" అంది కుట్టుపనామె, ఈసారి మెల్లిగా. "ఆ వేళకి మేమెవరం పని వదిలి రాలేం. నువ్వైతే ఆ హాల్లోనే ఉంటావు. పైగా లెక్కలాయన కాయితంలో ఉన్నదీ నువ్వొక్కదానివే."

"నా వల్ల కాదే."

"కాకపోతే ఇంకెవరివల్ల అవుతుందో నువ్వే చెప్పు."



బుధవారం పొద్దున మైకులు తుడుస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది. మైకాయన దగ్గరికొచ్చాడు.

"చెల్లిని తెరవనా అక్కా?"

"వద్దు తమ్ముడూ. ఛైర్మన్‌గారు నీ పని పీకేస్తారు. అయినా నాకు మాటే రాకపోతే అదేం చెబుతుంది?"

"అదీ నిజమే" అన్నాడతను. "లేని మాట అది పుట్టించదు. మనిషి అనబోయేదే అంటుంది. కాస్త ముందు, అంతే."

మధ్యాహ్నం సభ మొదలైంది. బస్సుల ఆఫీసరు సన్నగా, చేతిలో ఫైలుతో లేచి, ఐదు గంటల బస్సులో రోజుకి సగటున ఒక్కరే ప్రయాణిస్తున్నారని చదివాడు. ఎవరో నవ్వారు.

"అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అన్నాడు ఛైర్మన్. "మైకులో చెప్పిందే రికార్డుకెక్కుతుంది. బయట చెప్పుకున్నది మాకు లెక్క కాదు." పక్కన గుమాస్తా కలం తీసి పట్టుకున్నాడు.

హాలక్క గోడ పక్కనుంచి బయల్దేరింది. ఆమెకి తన చెప్పుల చప్పుడే పెద్దగా వినపడింది. పంతొమ్మిదేళ్ళు ఆ పోడియాన్ని ముందువైపు నిలబడి తుడిచింది గానీ, దాని వెనక ఏనాడూ నిలబడలేదు. ఇటునుంచి చూస్తే హాలు వేరేగా ఉంది. ఏ కుర్చీ కాలు ఊగుతుందో ఆమెకి తెలుసు. వాటిలో కూచున్న మనుషులే తెలీదు.

నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఐదో తరగతిలో వచ్చిన గాలే.

ఛైర్మన్ గడియారం చూసుకున్నాడు. "అమ్మా, చెప్పేదుంటే చెప్పండి. లేకపోతే ముగించేద్దాం."

అద్దాల గది తలుపు తెరుచుకుంది. "అక్క గొంతు పోయింది సార్" అన్నాడు మైకాయన. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఛైర్మన్ మొహం చిట్లించాడు. "సర్లే, రెండోది తెరువు."

మీట పైకి జరిగింది. ఓ గుక్క నీళ్ళు తాగేంతసేపు గడిచింది. రెండు గుక్కలు. మూడు. చెల్లి కూడా ఏమీ అనలేదు. గుమాస్తా కలానికి మూత పెట్టేశాడు. అంటే నేను మాట్లాడనన్నమాట, అనుకుంది హాలక్క. ఇప్పుడు కాదు, ఇంకెప్పుడూ కాదు. ఆమె చెయ్యి అలవాటుగా పోడియం మీదికి పోయి, లేని దుమ్ముని తుడిచింది.

అప్పుడు గోడల మీది స్పీకర్లు అన్నాయి.

"అయ్యా, ఆ కాయితంలో ఉన్న ఒక్క మనిషినీ నేనే."

అది ఎవరి గొంతో ఆమెకి వెంటనే తెలీలేదు. వణుకు లేదు. ఇంట్లో మనవరాలికి జడ వేస్తూ కదలొద్దని కసిరే గొంతు. అందరి తలలూ లేచాయి. గుమాస్తా మూత తీశాడు.

ఆమెకి భయమంతా మొదటి మాట దగ్గరే. మొదటి మాట అయిపోయింది. ఇక మిగిలింది వెనకాలే వెళ్ళడం. కదిలిన బస్సుని పరిగెత్తి అందుకున్నట్టు ఆ మాటని అందుకుంది.

"అయ్యా, ఆ కాయితంలో ఉన్న ఒక్క మనిషినీ నేనే. చివరి స్టాపులో దిగేది నేనొక్కదాన్నే, నిజమే. కానీ హాస్పిటల్ దగ్గర ముప్పై ఒక్క మంది దిగుతారు. వార్డులు కడిగేవాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు, పురిటి గదిలో పసిపిల్లలకి మొదటి నీళ్ళు పోసే ఆమె. షెడ్డు దగ్గర పద్నాలుగు మంది. మీరు తొడుక్కున్న చొక్కా వాళ్ళు కుట్టిందే అయ్యుంటుంది. మీ మనిషి లెక్కపెట్టింది అందరూ దిగిపోయాక. భోజనాలన్నీ అయ్యాక వచ్చి, ఖాళీ పీట చూసి, ఈ ఇంట్లో ఎవరూ తినరని రాసుకుపోయినట్టుంది సార్."

జనం రెండుసార్లు నవ్వారు, చెల్లి అన్నప్పుడోసారి, ఆమె అన్నప్పుడోసారి. రెండోసారే ఎక్కువ నవ్వారు.

జవాబివ్వడానికి ఆఫీసరు పోడియం దగ్గరికొచ్చాడు. చెల్లిని మూయడం మైకాయన మర్చిపోయాడో, ఏమో. ఆఫీసరు ఫైలు తిప్పుతూ గొంతు సవరించుకుంటుండగానే స్పీకర్లు ఆయన గొంతుతో అన్నాయి.

"లెక్క తప్పు మాదే. హాస్పిటల్‌కి ముందే, వంతెన దగ్గర ఎక్కి మళ్ళీ లెక్కేస్తాం. అంతదాకా బస్సు ఆగదు."

ఆయన నోరు తెరుచుకుని ఫైలు కేసి చూశాడు. అందులో ఆ మాట లేదు. "నేను... పరిశీలిస్తాం అందామనుకున్నాను" అన్నాడు ఛైర్మన్‌తో, మైకుకి దూరంగా జరిగి.

"అనుకున్నట్టే అనగలిగితే నాకు వీధి దీపాలు పెట్టించే పని తప్పేది" అన్నాడు ఛైర్మన్. "అనేయండి. మనసులో ఉన్నదేగా."

ఆఫీసరు చిన్నగా నవ్వి, ఫైలు మూసి, ఆ మాటలే అన్నాడు. గుమాస్తా అప్పటికే రాసేశాడు.

మరుసటి వారం వంతెన దగ్గర ఆయనే బస్సెక్కాడు. కూచోడానికి కాదు కదా, రెండో కాలు పెట్టడానికీ చోటు లేదు. "నన్ను రెండుగా రాసుకోండి సార్, నా ఒళ్ళు చూస్తున్నారుగా" అంది కుట్టుపనామె. ఆయన నలభై ఆరు దాకా లెక్కపెట్టి, డ్రైవరు సీటు వెనక కాయితాన్ని తన చేత్తోనే చింపేశాడు.

చివరి స్టాపులో ఇద్దరు దిగారు.

"ఆరోజు ఆ మైకు ముందుగా అనకపోతే మీరు మాట్లాడేవారేనా అమ్మా?" అనడిగాడాయన.

హాలక్క ఆలోచించింది. "అది అన్నదంటే నేను అనేదాన్నే కదా సార్" అని, రోడ్డు దాటి హాలు తాళం తీసింది.

నేల ఊడ్చింది. కుర్చీలు తుడిచింది. చెల్లిని తుడిచేటప్పుడు మాత్రం కాస్త ఎక్కువసేపు తుడిచింది. మైకాయన వచ్చి ఎప్పటిలాగే కేకేశాడు.

"అక్కా, టెస్ట్ చెబుతావా?"

ఆమె ఈసారి గోరు ఎత్తలేదు. చీపురు గోడకి ఆనించి, పోడియం వెనక్కి నడిచింది. ఇంకా రెండడుగులుండగానే స్పీకర్లలో ఆమె గొంతు మొదలైంది.

"ఒకటి, రెండు, మూడు... ఉండవే తల్లీ, వస్తున్నా!"

అద్దాల వెనక మైకాయన పగలబడి నవ్వుతున్నాడు. హాలక్క చెప్పులు టపటపలాడిస్తూ ఆ రెండడుగులూ గబగబా వేసింది, అదే మాట అనడానికి.