జగ్గారావు చెప్పిన పోలరాజు

పోలరాజు మేస్త్రీకి నలభై తొమ్మిదేళ్లు. అన్నేళ్లలో "నువ్వు పని ఎలా చేస్తావయ్యా?" అని ఆయన్ను అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఇటుక పేర్చేవాణ్ణి ఎలా పేరుస్తావని ఎవరడుగుతారు? అలాంటిది, పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఒక శుక్రవారం సాయంత్రం, ఉక్కు ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన ఇంజినీరు ఘోషాల్ సాబ్ పిలిచి మరీ అడిగాడు.

ఘోషాల్ సాబ్‌కు ముప్పై దాటలేదు. ఈమధ్యే రాంచీలో ఆఫీసర్ల క్లాసుకు పదిహేను రోజులు వెళ్లొచ్చాడు. అక్కడ ఏం నేర్పారో గాని, తిరిగొచ్చినప్పటి నుంచి మనిషి కనబడితే చాలు, కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాడు.

"సోమవారం నుంచి మీరు రెండో వర్క్‌షాపులో హెడ్ మేస్త్రీ. పొద్దున్న ఏడింటికి మీ కొత్త గ్యాంగు ఎనిమిది మందీ మీ ముందు నిలబడతారు. మీరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. మీ పని పద్ధతి ఏమిటి, మీరు వాళ్లతో ఎలా మాట్లాడతారు, వాళ్లు మీతో ఎలా మాట్లాడాలి, అన్నీ వివరంగా చెప్పండి" అన్నాడు హిందీలో.

హెడ్ మేస్త్రీ అనే మాట కోసం పోలరాజు పదేళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఆ సంతోషం గుటక దిగేలోపే సాబ్ మిగతాది చెప్పాడు. అక్కడి పాత హెడ్ మేస్త్రీ నోటి దురుసుకు గ్యాంగంతా పనిముట్లు పడేసి మూడు రోజులు కూర్చుందట. ఇంకొక్క తిట్టు పడితే మళ్లీ కూర్చుంటామన్నారట. అప్పుడు ఎవరు కావాలని అడిగితే, బుధన్ మహతో అనేవాడు పోలరాజు పేరు చెప్పాడట. రెండేళ్ల క్రితం వరకూ వాడు పోలరాజు గ్యాంగులోనే ఉండేవాడు.

"ఇరవై ఏళ్లలో మీ నోట ఒక్క చెడ్డ మాట రాలేదట. అందుకే మిమ్మల్ని వేశాను. పొరపాటున వచ్చిందా, వారం తిరక్కుండా మీ పాత చోటికి మామూలు మేస్త్రీగా వెళ్లిపోతారు."

పోలరాజు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకో పోలరాజు ఎవరైనా నిలబడి ఉన్నాడేమోనని. గోడ తప్ప ఎవరూ లేరు.

ఎందుకంటే ఆయన నోటి సంగతి ఆయనకు తెలియనిదా! కరిగిన ఉక్కును మోసే పెద్ద ఇనప గంగాళాన్ని లాడిల్ అంటారు. నిలువెత్తు మనిషికి రెండింతలుంటుంది. దాని లోపల పేర్చిన ఇటుకలు అరిగిపోగానే పాతవి పీకి కొత్తవి పేర్చాలి. నిచ్చెన మీద లోపలికి దిగి గొంతుక్కూర్చుని పేర్చేది పోలరాజు. ఇటుకలు కోసి, మట్టి కలిపి అందించే గ్యాంగు బయట కింద ఉంటుంది. వాళ్లకు తెలుగు రాదు. పైన అంచు దగ్గర పలక మీద నిలబడి లోపలి మాట బయటికి హిందీలోనూ, బయటి మాట లోపలికి తెలుగులోనూ చేరవేసేవాడు జగ్గారావు. చల్లారిందంటారే గాని ఆ లాడిల్ ఎప్పుడూ పూర్తిగా చల్లారదు. ఆ సెగలో గంట కూర్చుంటే పోలరాజు నోట్లోంచి వచ్చే తెలుగుకు దేవుడే చెవులు మూసుకోవాలి. ఇటుక కోసినవాడి చేతులు, వాడి పెంపకం, వాడి తాతముత్తాతలు, ఎవరినీ వదిలేవాడు కాదు. తన తిట్లకే గ్యాంగు గడగడలాడి పని చేస్తోందని గట్టిగా నమ్మేవాడు.

బయటికి వచ్చాక మాత్రం మాట ఉండేది కాదు. ఒంట్లో ఓపికా ఉండదు, హిందీ అంతంతమాత్రం. తువ్వాలుతో మొహం తుడుచుకుని, అందరికీ తలూపి ఇంటికి పోయేవాడు.

మరి చెడ్డమాట రాలేదంటాడేమిటి బుధన్? వెటకారమా? పాత కసి తీర్చుకుంటున్నాడా? బారిడీహ్‌లో ఇల్లు చేరేదాకా ఆలోచించినా పోలరాజుకు ముడి వీడలేదు.

సంగతి విని భార్య నూకమ్మ చేటలో బియ్యం ఒలికిపోయేలా నవ్వింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోరు మంచిదని ఊరెలాగ నమ్మీసింది మావా? నన్నడిగితే నాను సెబుదును గదా!"

కూతురు పద్మకుమారి తొమ్మిదో తరగతి. నోటుబుక్కు తీసి హిందీలో ఉపన్యాసం రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యమే "మై బహుత్ ధీరే బోల్తా హూఁ" అని.

"నాను మెల్లగా మాటాడతానా?" అన్నాడు పోలరాజు.

"నహీ బాబూ, పర్ లిఖ్నా పడ్తా హై" అంది ఆ పిల్ల తలెత్తకుండా. నిజం కాకపోయినా రాయక తప్పదట.

కుడితిలో పడ్డ ఎలుకలా రెండు రాత్రులు కొట్టుకుని, ఆదివారం పొద్దున్నే సైకిలెక్కాడు. మోకాలు మూలుగుతున్నా బాగ్‌బేరా దాకా తొక్కాడు. జగ్గారావు పోయిన నెలే రిటైరై, రైల్వేలో పనిచేసే కొడుకు క్వార్టరులో ఉంటున్నాడు. పనిలో పోలరాజు కింద హెల్పరే గాని, వయసులో పెద్ద. వాకిట్లో మంచానికి నవారు బిగిస్తున్నాడు.

"జగ్గన్నా, లోపల్నుంచి నాను తిట్టినవన్నీ నువ్వు కిందకి సెప్పీవోడివి గదా?"

"సెప్పీవోణ్ణి."

"ఎలాగ సెప్పీవోడివి?"

జగ్గారావు నవారు లాగడం ఆపాడు. "అర్దం సెప్పీవోణ్ణి తమ్ముడా."

"తిట్టుకి అర్దమేటన్నా?"

"ఈ ఇటిక కోసినోడి సేతులిరిగిపోనూ, ఈణ్ణి కన్నోళ్లని కాకులు పొడవా అన్నావనుకో. ఇటిక ఒక యేలు ఎక్కువైంది, మళ్లీ కొయ్యమంటన్నాడు, ఎండగా ఉంది నీళ్లు తాగి కొయ్యమంటన్నాడు, అని సెప్పీవోణ్ణి."

"నీళ్లు తాగమని నానెప్పుడన్నాను?"

"అన్లేదు. అంటే బాగుండునని నానే అనీసినాను."

పోలరాజుకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లు గొంతు చించుకుని తిట్టిన తిట్లలో ఒక్కటీ కింద నేల తాకలేదన్నమాట! "నా నోరు దొంగిలించీసినావు. నన్ను ఇంకో మడిసిని సేసి అమ్మీసినావు. రేపు ఆ మడిసి రావాలంటన్నారు. ఆణ్ణి నానెక్కడ్నుంచి తెత్తాను?" అని అరిచాడు. పక్క క్వార్టరు వాళ్లు తలుపు తీసి చూశారు.

అరుపు చల్లారాక పోలరాజుకు ఇంకో సంగతి తట్టింది. నాలుగేళ్లుగా ఆయనకు మోకాలి నొప్పి. రోజూ మూడింటికి తాడుతో టీ క్యాను దించుతూ జగ్గారావు ఒక మాట చెప్పేవాడు: "మేస్త్రీ, కింద కుర్రోళ్లు నీ మోకాలెలాగుందని అడుగుతన్నారు." పోలరాజు "పని సూసుకోమను" అని కసిరేవాడు. కసిరేవాడే గాని, ఆ సాయంత్రం నిచ్చెన ఎక్కుతుంటే మోకాలు కొంచెం తేలిగ్గా ఉండేది. ఈ సంగతి నూకమ్మకు కూడా చెప్పలేదు.

"ఆళ్లు నా మోకాలు సంగతి అడిగీవోరు గదా. అదీ నువ్వే అనీసినావా?" గొంతు తగ్గించి అడిగాడు.

జగ్గారావు నవారు కొస వేలికి చుట్టుకున్నాడు. "అబద్దమెందుకు, మొదట్లో నానే అన్నాను. నువ్వు మరీ మండిపోతన్నావని. తరవాత్తరవాత ఆళ్లే అడగడం మొదలెట్టినారు. ఏ రోజునుంచని అడిగితే నాకే తెలీదు."

నమ్మాలో మానాలో పోలరాజుకు తెలియలేదు. ఇరవై ఏళ్లు అబద్ధాలు మోసిన మనిషి ఇదొక్కటి నిజం చెబుతాడా? గ్యాంగుకు తనంటే ప్రేమ అనుకున్నాడే, అది గ్యాంగుదా, జగ్గారావుదా? కాళ్లకింద మెట్టు తీసేసినట్టయింది.

"మరి రేపు నానేటి సెప్పాల?"

"ఉన్నదే సెప్పు. కాకపోతే మెల్లగా సెప్పు" అన్నాడు జగ్గారావు.

సోమవారం ఏడింటికి ఎనిమిది మంది వరసగా నిలబడ్డారు. ఏడు మొహాలు కొత్తవి, ఎనిమిదోది బుధన్‌ది. ఘోషాల్ సాబ్ పక్కన నిలబడి నోటుబుక్కు తెరిచాడు. పోలరాజు జేబులోంచి కూతురు రాసిన కాగితం తీశాడు, మొదటి వాక్యం చూశాడు, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మేరా ముహ్ ఖరాబ్ హై" అన్నాడు. నా నోరు చెడ్డది.

తర్వాత తనకొచ్చిన ముక్కల హిందీలో, చేతులతో సగం చెబుతూ, ఉన్నదంతా కక్కేశాడు. లోపల కూర్చుంటే నోరు తన మాట వినదని. మంచిమాటలన్నీ జగ్గారావువని. మీకు కావాల్సిన మేస్త్రీ బాగ్‌బేరాలో మంచం నేసుకుంటున్నాడని.

సాబ్ కలం ఆగిపోయింది. అప్పుడు బుధన్ మహతో పకపకా నవ్వాడు.

"మేమేం చెవిటివాళ్లమా మిస్త్రీ జీ? లాడిల్ అడుగున ఉక్కు కారడానికి కన్నం ఉంటుందని మీకు తెలీదా? మేం కూర్చునేది దాని పక్కనే. మీరు లోపల గొణిగినా మాకు గంట కొట్టినట్టు వినపడేది. తెలుగులో మంచినీళ్లు అడగడం రాదు గాని, తిట్లన్నీ మీ దగ్గరే నేర్చుకున్నాం."

పోలరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మరి నాకు ఒక్క చెడ్డమాట రాలేదని చెప్పావే?" అన్నాడు సాబ్.

"ఆయన నిప్పులో కూర్చుని తిట్టేవాడు సాబ్. పాత హెడ్ మేస్త్రీ ఫ్యాను కింద నిలబడి, మొహం చూసి తిట్టేవాడు. రెండూ ఒకటేనా? పైనుంచి జగ్గా భాయ్ చెప్పిందే మిస్త్రీ మాట అని మేమంతా ఒప్పేసుకున్నాం."

ఎవరు ఎవరిని మోసం చేశారో పోలరాజుకు అర్థం కాలేదు. సాబ్‌కు అంతకన్నా అర్థం కాలేదు. ఏం రాసుకోవాలో తెలియక కలానికి మూత పెట్టి, "ఈయన మీకు కావాలా, వద్దా?" అని గ్యాంగునే అడిగాడు. బుధన్ చెయ్యెత్తాడు. మిగతా ఏడుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు, "సాయంత్రం దాకా చూసి చెబుతాం" అన్నాడు.

పోలరాజు నిచ్చెన ఎక్కాడు. మోకాలు పట్టేసి రెండుచోట్ల ఆగాడు. లోపలికి దిగి, కూర్చుని, మొదటి వరస ముగించాడు, రెండోది ముగించాడు. మూడో వరసలో తాడుకు కట్టి దించిన ఇటుక ఒక వేలు ఎక్కువుంది. వీపు మీద సెగ, కంట్లో చెమట. నోరు తెరిచాడు.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అడుగున ఆ కన్నం కనబడుతోంది. దానికవతల ఎనిమిది జతల చెవులున్నాయి. తాతముత్తాతలు గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయారు. అలా ఎంతసేపు గడిచిందో గాని, బయట ఇటుకలు కోసే చప్పుడు ఆగిపోయింది.

కన్నంలోంచి బుధన్ గొంతు వినపడింది, కంగారుగా. "మిస్త్రీ జీ? బేహోష్ హో గయే క్యా?" తిట్టు వినపడకపోయేసరికి స్పృహ తప్పాడేమో అనుకున్నాడు వాడు.

పోలరాజు ఇటుకను చేతిలో తిప్పి చూశాడు. "ఏక్ ఉంగ్లీ జ్యాదా హై" అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఫిర్ సే కాటో." మళ్లీ కొయ్యమని. మాట వెతుక్కుని, "పెహ్లే పానీ పీ లో" అన్నాడు. ముందు నీళ్లు తాగండి.

బయట ఎవరూ నవ్వలేదు. కుండ మీద మూత తీసిన చప్పుడైంది. తర్వాత కన్నంలోంచి ఇంకో గొంతు వచ్చింది. అది బుధన్‌ది కాదు, పొద్దున్న సాయంత్రం దాకా చూద్దామన్న పెద్దాయనది.

"ఘుట్నా కైసా హై, మిస్త్రీ?"

మోకాలు ఎలా ఉందని అడిగినది ఆ మనిషే. మధ్యలో పలక మీద జగ్గారావు లేడు. పని చూసుకోమనే మాట అలవాటుగా నాలుక దాకా వచ్చింది. పోలరాజు దాన్ని మింగేసి, కన్నానికి నోరు దగ్గరగా పెట్టి, నాలుగేళ్లలో మొదటిసారి అడిగినదానికి జవాబు చెప్పాడు, చాలా నొప్పిగా ఉందని.

"బహుత్ దుఖ్తా హై, భయ్యా."