గాజు పొయ్యి మీద పాకం

ఆ శనివారం నేను చేయాల్సిన పనులు ఇవి. ఫ్రిజ్‌కి అంటించిన కాగితం మీద నా చేతిరాతలోనే ఉన్నాయి.

తడి బియ్యప్పిండి మీద కప్పిన గుడ్డ ఆరిపోకుండా చూడాలి.
కొబ్బరి సన్నగా తరిగి నేతిలో వేయించాలి.
బేస్‌మెంట్ నుంచి మడత కుర్చీలు పన్నెండు పైకి తేవాలి.
గాజులు సైజులవారీగా పళ్ళెంలో సర్దాలి.
స్టవ్ తుడవాలి. పూర్తిగా చల్లారాకే తుడవాలి. పీచు వాడకూడదు. గిన్నె జరపకూడదు, ఎత్తి పెట్టాలి.

చివరి వరుస కింద రెండు గీతలు గీసుకున్నాను.

మా ఇంట్లో కాలేజీకి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఎవరూ ముందు నడిచి చూపించని దారి కాబట్టి, ఏది చెప్పినా రాసుకోవడం, రాసుకున్నది రాసుకున్నట్టు చేయడం అలవాటైపోయింది. మాస్టర్స్ దాకా అలాగే వచ్చాను. ఇప్పుడు అమెరికాలో, హెర్న్‌డన్‌లో గిరిజ ఆంటీ వాళ్ళ టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో ఒక గది తీసుకుని, చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాను. కారు లేదు. బస్సు ఆ వీధి చివరే ఆగుతుంది. ఇంటర్వ్యూ కాల్ వస్తే తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఆ గది ఉంది. అది పోతే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

అది పోయే దారి ఒక్కటే, స్టవ్. ఆంటీ వాళ్ళది కరెంటు స్టవ్, పైన నల్లటి గాజు పలక. నాకు ముందు ఆ గదిలో ఉన్న రష్మి కొబ్బరి లౌజు చేస్తుంటే పాకం పడి, గోరంత గాజు పెచ్చు లేచిపోయిందట. ఆంటీ గాజు మొత్తం మార్పించారు. రష్మి నెలాఖరుకి గది ఖాళీ చేసింది.

నాకు తాళం చేతికిచ్చిన రోజునే ఆంటీ చెప్పారు. "నేను మంచిదాన్నేనమ్మా, స్టవ్ దగ్గర తప్ప. దీని మీద మచ్చ పడిందా, ఇంకో రూమ్ చూసుకోవాల్సిందే. తర్వాత ఆంటీ ఇలా అంది, అలా అంది అనొద్దు."

ఆదివారం ఆంటీ కూతురు రిషిత సీమంతం. పుట్టింటి చలిమిడి పెట్టాలి. శనివారం పొద్దున్నే ఆంటీ పిండి పట్టి, గుడ్డ కప్పి, చెల్లెల్ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళారు. పదకొండింటికి ఫోన్ చేశారు.

"సంహితా, ఫ్లైట్ మూడు గంటలు లేటంట. పిండి అంతసేపు ఆగదు, ఆరిపోతుంది. నువ్వు పాకం పెట్టెయ్."

"నేనా ఆంటీ? పాకమా?"

"శేషమ్మ గారికి ఫోన్ చేశాను, వస్తున్నారు. ఆవిడ పక్కన నించుని చెప్తారు, నువ్వు చెయ్యి." ఫోన్ పెట్టేసేముందు అన్నారు, "స్టవ్ జాగ్రత్త."

శేషమ్మ గారు మూడో ఇంట్లో ఉండే కౌశిక్ గారి అమ్మ. ఆరు నెలలకని కొడుకు దగ్గరికి వచ్చారు. తూర్పు గోదావరి మనిషి. భర్త పోయాక ముప్ఫై ఏళ్ళు పెళ్ళివారి ఇళ్ళల్లో పాకాలు పట్టి పిల్లల్ని చదివించారు. స్వెటర్ మీద శాలువా, కాళ్ళకి మనవడి స్పోర్ట్స్ షూస్. గుమ్మంలో షూస్ విప్పి, వంటింట్లోకి వచ్చి, స్టవ్‌కి రెండడుగుల దూరంలో ఆగిపోయారు.

"రండి అమ్మమ్మ గారూ, ఇదిగో గరిటె."

"నేను ముట్టుకోకూడదే అమ్మాయ్. కడుపుతో ఉన్న పిల్ల ఒళ్ళో పెట్టేది. నాలాంటిది కలపకూడదంటారు. గిరిజ పైకి అనలేదు గానీ, నాకు తెలీదా? నువ్వు తిప్పు, నేను చెప్తాను."

మా ఊళ్ళోనూ అంతే. తల వంచుకుని బెల్లం తరిగాను.

ఎడమవైపు ముందున్న బర్నర్ మీద గిన్నె పెట్టాను. గాజు కింద తీగ ఎర్రబడింది. బెల్లం కరిగింది, వడకట్టాను, మళ్ళీ పెట్టాను. శేషమ్మ గారు దూరం నుంచి మెడ సాచి బుడగల్ని చూస్తూ, "ఇంకా లేతే. తిప్పు. చేతికి గాజుల్లేవు గానీ ఫోన్‌కి మాత్రం ముత్యాలు కట్టావేమే," అన్నారు.

"చేతిలోంచి జారిపోకుండా అమ్మమ్మ గారూ."

"ఆఁ, మా కోడలూ ఏదో ఒకటి చెప్తుంది."

వేరే చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, అందులో పాకం ఒక చుక్క వేయమన్నారు. మెత్తటి ఉండ కట్టాలట. కట్టలేదు. ఇంకాస్త తిప్పాను. అంతలో బుడగలు చిన్నవై, పాకం ఒక్కసారిగా గిన్నె అంచుదాకా లేచింది. ఇంటి దగ్గర గ్యాస్ మీద అయితే మంట తగ్గిస్తే కిందికి దిగిపోతుంది. నేనూ అదే చేశాను, నాబ్ చివరిదాకా తగ్గించాను. తీగ మాత్రం ఎర్రగానే ఉంది. పాకం లేస్తూనే ఉంది.

"దించు! గిన్నె దించు!"

"జరపకూడదు అమ్మమ్మ గారూ, గీతలు పడతాయి!"

"జరపమన్నానే? ఎత్తమన్నాను! ఎత్తవే!"

ఎత్తేలోపే పొంగింది. గిన్నెని చెక్క పీట మీద పెట్టి స్టవ్ ఆపాను. వెనక్కి తిరిగి చూస్తే నల్లటి గాజు మీద అరచేతంత పాకం బుసబుసమంటూ పరుచుకుని ఉంది. అంచులు అప్పుడే ముదురుతున్నాయి.

ఫ్రిజ్ మీది కాగితం చూశాను. పూర్తిగా చల్లారాకే తుడవాలి. స్టవ్ మీద వేడి చూపించే ఎర్ర దీపం వెలుగుతోంది. అది ఆరేదాకా ఆగుదామని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? తీయ్!"

"చల్లారాక తీయాలి. ఆంటీ చెప్పారు. రాసుకున్నాను."

"చల్లారిందంటే కొంప మునిగిందే! పాకం చల్లారితే బిగుసుకుంటుంది, పట్టుకున్నదాన్ని వదలదు. కాకినాడలో ఒకళ్ళింట్లో పల్లీల పాకం పింగాణీ పళ్ళెంలో పోసి వదిలేశాను. మర్నాడు లాగితే పాకంతో పాటు పళ్ళెం పైపొర లేచొచ్చింది. ఆవిడ నన్ను పెట్టని చీవాట్లు లేవు. ఇది గాజే కదా? వేడిమీదే తీయాలి."

కాగితం ఒకటి చెబుతోంది, మనిషి ఒకటి చెబుతున్నారు. నేను ఎప్పుడూ కాగితం పక్షమే. కానీ పాకం నడిమధ్య బుడగలు ఒక్కొక్కటిగా ఆగిపోవడం కళ్ళారా చూస్తున్నాను. ఆవిడ మాట తప్పైతే గాజు పోతుంది, గది పోతుంది. కాగితం తప్పైనా అంతే. ఒక తేడా ఉంది. ఆ కాగితం ఎప్పుడూ పాకం పట్టలేదు.

సొరుగు లాగాను. స్టవ్‌తో పాటు వచ్చిన బ్లేడు స్క్రేపర్ ఉంది. ఓవెన్ గ్లౌజ్ తొడుక్కుని బ్లేడు ఆనించాను. గ్లౌజ్‌లో పట్టు కుదరక బ్లేడు నిటారుగా లేచింది.

"అలా కాదు, గుచ్చుతావు!" శేషమ్మ గారు ఆ రెండడుగులూ దాటి వచ్చేశారు. నా మణికట్టు పట్టుకున్నారు. "గిన్నెలోది నేను ముట్టుకోను. ఇది ఎవరూ తినేది కాదుగా. పడుకోబెట్టు బ్లేడుని. అట్టు కిందికి అట్లకాడ పోనిచ్చినట్టు. ఆఁ. తోసెయ్, అటు చల్లగా ఉన్నవైపుకి. మళ్ళీ."

పాకం పట్టీలు పట్టీలుగా లేచింది. పక్కకి తోసినదాన్ని తడిపిన పేపర్ టవల్‌తో ఎత్తి చెత్తబుట్టలో వేశాను. నాలుగైదు సార్లు తోసేసరికి సన్నటి గోధుమరంగు పొర తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇక ఇది చల్లారనీ. పల్చటి పొరే, దీనికంత బలం లేదు." నా మణికట్టు వదిలి, మళ్ళీ రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. "పాకం బిగుస్తోంది, వెనక పొయ్యి మీద పెట్టు. పొంగితే ఈసారి ఎత్తుతావా, నన్నడుగుతావా?"

"ఎత్తుతాను."

చలిమిడి కుదిరింది. పిండి ఉండ కట్టకుండా ఎలా జల్లాలో, నెయ్యి ఎప్పుడు వేయాలో అన్నీ అక్కడి నుంచే చెప్పారు. ఎర్ర దీపం ఆరాక స్టవ్ క్రీమ్ రాసి, మెత్తటి గుడ్డతో రుద్దాను. పొర పోయింది. కిటికీ వెలుగులో వంగి చూశాను. మచ్చ లేదు. అయినా నమ్మకం కలగక స్టవ్ పుస్తకం తీశాను. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం అంతకుముందు చదవలేదు, ఆంటీ నోటిమాట రాసుకున్నానంతే. చదవమని ఇచ్చిన పుస్తకం చదవకపోవడం నా జీవితంలో అదొక్కసారే. పదకొండో పేజీలో, చుట్టూ గీత గీసిన పెట్టెలో ఉంది. పంచదార, పాకం, కరిగిన ప్లాస్టిక్ పడితే స్టవ్ ఆపి, చేతికి గ్లౌజ్ వేసుకుని, వేడిగా ఉండగానే స్క్రేపర్‌తో చల్లటి చోటికి లాగేయాలి. చల్లారనిస్తే గాజు దెబ్బతింటుంది. మిగిలినవన్నీ చల్లారాకే.

"చూశారా అమ్మమ్మ గారూ, మీరన్నదే రాశారు!"

"వాడూ ఎక్కడో పళ్ళెం పోగొట్టుకునే ఉంటాడు," అన్నారావిడ, షూస్ తొడుక్కుంటూ.

నాలుగింటికి ఆంటీ వచ్చారు, వెనకే సూట్‌కేసుతో వాళ్ళ చెల్లెలు. చెప్పకపోతే ఆవిడకి తెలియదు. కానీ ఆ గదిలో దాచుకున్న విషయంతో పడుకోలేను.

"ఆంటీ, పాకం పొంగింది. స్టవ్ మీద పడింది."

హ్యాండ్‌బ్యాగ్ భుజానే ఉంది. అలాగే వెళ్ళి, స్టవ్ పైన లైట్ వేసి, వంగి ఒక పక్క నుంచి చూశారు. తర్వాత ఇంకో పక్క నుంచి. గోరుతో గీసి చూశారు.

"ఎక్కడ?"

"ఎడమవైపు, ముందు బర్నర్."

"ఏమీ లేదే!" మళ్ళీ గోరు పెట్టారు. "ఎలా తీశావ్?"

"వేడిమీదే. శేషమ్మ గారు చెయ్యి పట్టుకుని తీయించారు. పుస్తకంలో కూడా అలాగే ఉంది." పేజీ చూపించాను.

ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. రెండోసారి చదువుతున్నప్పుడు మొహం మారింది. "చల్లారేదాకా ముట్టుకోవద్దని రష్మికి చెప్పింది నేనే," అన్నారు నెమ్మదిగా. తర్వాత పుస్తకం మూసి నా వైపు తిరిగారు. "ఏంటలా బిగుసుకుపోయి నించున్నావ్? నీ రూమ్ ఎక్కడికీ పోదు. అన్నం తిన్నావా?"

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అక్కడే స్టూల్ మీద కూలబడి, ఆంటీ కలిపిచ్చిన పెరుగన్నం రెండు గిన్నెలు తిన్నాను. ఎన్నో వారాల తర్వాత కడుపునిండా తిన్నాననిపించింది. ఆంటీ మళ్ళీ చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు. మూడో ఇంటికని తర్వాత తెలిసింది.

ఆదివారం శేషమ్మ గారు వచ్చారు. ముందు వరసలో కూర్చోమని ఆంటీ ఎంత చెప్పినా వినకుండా వంటింట్లో స్టూల్ మీదే కూర్చున్నారు. చేతినిండా గాజులతో రిషితే వంటింట్లోకి వచ్చింది. "అమ్మమ్మా, ఇది మీ రెసిపీ అంట కదా? సో గుడ్! ఇంకొంచెం పెట్టు, మీ హ్యాండ్‌తో," అని నోరు తెరిచింది. ఆవిడ ఆంటీ వైపు చూశారు. ఆంటీ తలూపారు. ఆవిడ గోరుముద్దంత చలిమిడి తీసి పెట్టారు.

శేషమ్మ గారు పై నెలలో ఇండియా వెళ్ళిపోయారు. రిషితకి కొడుకు పుట్టాడు. నేను ఇంకా ఆ గదిలోనే ఉన్నాను. సీమంతం వీడియో రెండు గంటలుంది. అందులో ఆవిడ ఎక్కడా కనిపించరు. వంటిల్లు ఎవరూ తీయలేదు. చలిమిడి బాగుందన్నవాళ్ళంతా గిరిజ చేతి వంట అన్నారు.

ఇది చదివిన మీరు ఎప్పుడైనా ఇలాంటి స్టవ్ మీద బెల్లం కరిగిస్తే, ఆ పూట శేషమ్మ గారిని ఒక్కసారి తలచుకోండి. మండపేట శేషమ్మ గారు. నాకు తెలిసిన పేరు అంతే.