సూదాయన చెయ్యి

సూదాయన పళ్ళు నూరుతూ టంగ్‌స్టన్ సూదిని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. కళ్ళు మాత్రం పక్క బల్ల మీది మోటారు మీదే ఉన్నాయి. అరచేతిలో ఇమిడే బోడి మోటారు! రేపటి నుంచి ఈ సూదిని అదే లాగుతుందట.

బల్ల ముందున్న ఉక్కు పీపా రాకెట్టు ఇంజను నమూనా, అందులో వాయువు పారుతుంటుంది. గాజు కిటికీలోంచి లేజర్ వచ్చి పీపా నడుమ ఒక్క చుక్క దగ్గర కలుస్తుంది. అయినా చల్లటి వాయువుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకే ఆ చుక్కలో సూది మొన పెట్టాలి. మొన కాగి, చుట్టూ వాయువు అంటుకుంటే ఇక వాయువే వెలుగును తాగేస్తుంది, వేడెక్కి వెనకనున్న సన్నటి మూతిలోంచి దూసుకుపోతుంది. రాకెట్టును తోసేది ఆ ఊపే. అంటుకున్న క్షణాన సూది లాగెయ్యాలి. ముందు లాగితే మంట ఆరిపోతుంది. ఆలస్యమైతే సూది కరిగి గాజు మీద చిమ్ముతుంది. జుట్టు నెరిసేదాకా ఆ క్షణం పట్టుకున్నది ఆయన చెయ్యే.

“బాబాయ్, ఈ ఒక్కసారీ బాగా లాగు. నీ చెయ్యి ఎలా కదిలితే అలా రికార్డవుతుంది. మోటారుకు అదే నేర్పిస్తాను,” అంది ఇంజనీరమ్మాయి, సూది పిడికి తీగలు తగిలిస్తూ.

“నేర్పించు తల్లీ, నేర్పించు! పక్కన నిలబెట్టుకుని నీకు పని నేర్పినందుకు నాకు బాగా బుద్ధొచ్చింది.”

ఆమె మొహం చిన్నబోయింది. “నిన్ను పొమ్మన్నది నేనా బాబాయ్? పైవాళ్ళు...”

“పైవాళ్ళట పైవాళ్ళు! మాట్లాడకు. నిన్ను చూస్తుంటేనే ఒళ్ళు మండిపోతోంది.”

ఇంట్లో భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదాయన. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఆలస్యంగానే లాగుతాను, అనుకున్నాడు. సూది కరగనీ, గాజు పాడవనీ, రికార్డు మంటగలవనీ! అప్పుడు ఆ మోటారు ఏం నేర్చుకుంటుందో చూద్దాం. కొత్త గాజు వచ్చేదాకా తనను కదిపే మొనగాడెవడు?

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పిడి పట్టాడు. లేజర్ వేశారు. మొన ఎర్రబడింది, తెల్లబడింది. లాగను గాక లాగను, అనుకుంటుండగానే లోపల వాయువు భగ్గున అంటుకుంది.

చెయ్యి లాగేసింది.

సూది చెక్కుచెదరకుండా వచ్చింది. మంట నిలకడగా నిలబడింది. “అబ్బ, ఎంత బాగా లాగావు బాబాయ్!” అని ఎగిరి గంతేసిన అమ్మాయి, అంతలోనే నాలిక కరుచుకుంది.

“ఛీ, సిగ్గులేని చెయ్యి,” అన్నాడు సూదాయన, తన కుడిచేతిని చూసుకుంటూ.

లేజర్ ఆపాక, రోజూలాగే పీపా మూత మీద భోజనం డబ్బా పెట్టాడు వెచ్చబడడానికి. పిడికున్న తీగలు తనే విప్పి అమ్మాయి చేతిలో పడేశాడు. “ఆ వెధవ మోటారుకు సరిగ్గా నేర్పు. గాజు పాడుచేసిందో, ఊరుకోను,” అని కసిరి, ఆమె మొహం చూడకుండా బయటికి నడిచాడు. చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నారు అంతా.

మధ్యాహ్నం దాటాక అమ్మాయి మోటారు బిగించడానికి వచ్చింది. పీపా మూత మీద డబ్బా అలాగే ఉంది, తెరవకుండా, ఇంకా వెచ్చగానే.